వద్దన్న ముద్ద ఎవరు తినాలి

జొన్నరొట్టె వద్దనే పిల్లవాడు మా ఇంట్లో పుట్టడానికి మూడు తరాలు పట్టింది. వాడికిప్పుడు పదహారేళ్ళు, ఆదోనిలో ఇంటరు మొదటి సంవత్సరం. రొట్టె వద్దు. స్టోరు బియ్యం బువ్వ వద్దు. పప్పు నిన్న కూడా చేసినావు గదా, వద్దు. వంకాయ అసలే వద్దు. ఏం కావాలిరా నాయనా అంటే మాత్రం ఫోన్లోంచి తలెత్తకుండా "ఏదో ఒకటి చెయ్ మా" అంటాడు. ఆ ఏదో ఒకటి ఏమిటో కనిపెట్టడం మా ఇంటి ఖర్చుల పుస్తకంలో రాయని పద్దు.

మా అవ్వది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. ఆమె పొయ్యి దగ్గర కూచుని రొట్టెలు తడుతుంటే మేం పిల్లలం చుట్టూ కూచునేవాళ్ళం. పెనం మీద నుంచి తీసిన రొట్టె మీద ఇంత వెల్లుల్లి కారం, ఉంటే మజ్జిగ. వరి బువ్వ పండగకో, చుట్టాలు వస్తేనో. బాగుందా అని ఆమె అడిగిన గుర్తు నాకు లేదు. బాగాలేదని మేం అన్న గుర్తూ లేదు. ఆ ఇంట్లో తినేదానికి ఉందా లేదా అన్నదే ప్రశ్న. నచ్చిందా అన్న ప్రశ్న అడగాలంటే దాని వెనక రెండో వంటకం ఒకటి ఉండాలి, లేదా రెండో వంటకం చేసే స్తోమత ఉండాలి.

మా వైపు ఈ స్తోమత కొత్తది. ఆదోని 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలోది. పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునే 1876–78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర, కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని తేల్చాడు. ఒక పౌనంటే అటూ ఇటుగా 450 గ్రాములు. ఆడవాళ్ళకూ పనిచేసే పిల్లలకూ అంతకన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దానికి ఒప్పుకోలేదు. ఒకటిన్నర పౌన్లన్నా ఉండాలి, పప్పూ కూరగాయలూ తగలాలి అని వాదించాడు. కార్నిష్ మీద నాకు గౌరవమే. కానీ ఒంట్లో ప్రాణం నిలవడానికి ఎంత చాలునని ఇద్దరు అధికారులు తూకం వేస్తున్న చోట నాలుక ఊసెత్తే వీల్లేదు. మట్టి మోసే మనిషి ఆ ధాన్యాన్ని వద్దంటే, ఆ మాట ప్రాణం మీదికే వచ్చేది.

అందుకే మా వాడు పళ్ళెం పక్కకు తోసినప్పుడు నాలో ఒక మనిషి కోప్పడుతుంది, ఇంకో మనిషి లోలోపల సంతోషపడుతుంది. వద్దనగలగడం కూడా ఒక కలిమే. మా తాతలు సంపాదించలేనిది వీడికి పుట్టుకతోనే వచ్చింది.

సంతోషపడే మనిషి మాత్రం నెలాఖరున కనబడదు. మా ఆయన పత్తి మండీలో గుమాస్తా. యార్డుకు పత్తి వచ్చినన్నాళ్ళు ఇంటికి నాలుగు డబ్బులు వస్తాయి, తర్వాత చెయ్యి బిగుస్తుంది. నేను ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తాను. వేసవి సెలవుల్లో పిల్లలకు బడి ఉండదు, మాకు జీతం ఉండదు. ఇక లెక్క చూడండి. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టికలో పదహారు నుంచి పద్దెనిమిదేళ్ళ మగపిల్లవాడికి రోజుకు 3,320 కిలో కాలరీలు కావాలని ఉంది. కూచుని పనిచేసే మగవాడికి 2,110 చాలు. అంటే మండీలో పద్దులు రాసే వాళ్ళ నాయన కన్నా వీడు ఒకటిన్నర రెట్లు తినాలి. ఇంట్లో అందరికన్నా ఎక్కువ తినాల్సినవాడే అందరికన్నా ఎక్కువ వద్దంటాడు. దేవుడు ఈ వయసును జీతగాళ్ళ ఇళ్ళకు కాక మండీ యజమానుల ఇళ్ళకే పరిమితం చేసి ఉండాల్సింది.

రేషన్ కార్డులో ఉన్న నలుగురికీ మనిషికి ఐదు కిలోల చొప్పున మాకు నెలకు ఇరవై కిలోల బియ్యం వస్తాయి. 2023 జనవరి నుంచి దానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఆ బియ్యం కొంచెం లావు. నానబోసి ఇడ్లీకి, దోశకు రుబ్బితే వాడికి తెలియదు, తెలిసినా ఎర్రకారం పూస్తే అడగడు. బువ్వగా వండితేనే పేచీ. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. బళ్ళలో, హాస్టళ్ళలో ఆ ఏడాది జూన్ నుంచి సన్నబియ్యం వండుతున్నారు. మా పాప బడి నుంచి వచ్చి సన్నబువ్వ సంగతి చెప్పిన రోజు వీడు నా వైపు తిరిగి, "సర్కారోళ్ళే సన్నబియ్యం పెడ్తాంటే మనకేం తక్కువ మా?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపు ఫోన్లోకి వెళ్ళిపోయాడు.

స్టోరు బియ్యంలో ఇంకో తమాషా ఉండేది. కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలేవి. మిగతా వాటికన్నా కాస్త పసుపుగా, నున్నగా ఉండేవి. అవి ప్లాస్టిక్ బియ్యమని మా వీధిలో పుకారు పుట్టి, చాలామంది చేటలో పోసుకుని ఒక్కొక్కటే ఏరి పారేశారు. నిజానికి అవి పిండితో బియ్యపు గింజ ఆకారంలో చేసి, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు. వందకు ఒకటి లెక్కన మామూలు బియ్యంలో కలిపేవారు. దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ పిల్లలకు కావాల్సిందాన్నే తల్లులు శ్రద్ధగా, కళ్ళద్దాలు పెట్టుకుని మరీ ఏరి కాలవలో పోశారు. వాళ్ళను నేను తప్పుపట్టను. అడగకుండా, చెప్పకుండా పళ్ళెంలోకి వచ్చిన దేన్నైనా మనిషి అనుమానిస్తాడు. మా వాడూ అంతే.

జొన్నల కథ దీనికి తిరగబడ్డ కథ. 1983లో ఎన్టీ రామారావుగారు కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చాక మా పల్లెల్లో పొయ్యి మీది రొట్టె తగ్గి, ఎసట్లో బియ్యం పెరిగింది. బువ్వ తినేవాళ్ళం అయ్యామని మా అమ్మ వాళ్ళు ఎంత మురిసిపోయేవాళ్ళో నాకు తెలుసు. 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ వరికి క్వింటాలు 2,369 రూపాయలైతే, హైబ్రిడ్ జొన్నకు 3,699. లేనివాళ్ళ తిండి ఉన్నవాళ్ళ తిండికన్నా ఖరీదైపోయింది. సాయంత్రమైతే రోడ్డు పక్కన ఆడవాళ్ళు పొయ్యి పెట్టుకుని రొట్టెలు తడుతుంటారు. బైకులు ఆపి పొట్లాలు కట్టించుకుపోయేవాళ్ళలో సగంమంది షుగరు ఉన్నవాళ్ళే. మీ తాత దీంతోనే పెరిగినాడురా అని నేనన్నందుకు మా వాడు చెప్పిన జవాబు ఇది: "అప్పుడు లేనోళ్ళ తిండి. ఇప్పుడు షుగరోళ్ళ తిండి. నేను తినేది ఎప్పుడు మా?"

ఆ మాటతో నాకు వాడి నాలుక కాస్త అర్థమైంది. వాడు రుచిని వద్దనడం లేదు, వరసను వద్దంటున్నాడు. ఎవరి పక్కన కూచోబెడుతున్నావు నన్ను అని అడుగుతున్నాడు. అందుకు రుజువు ఉగ్గాని. ఉగ్గానిని మా వాడు ఏనాడూ వద్దనలేదు. దాంట్లో ఏముంది? బొరుగులు నీళ్ళలో వేసి తీసి, రెండు చేతులా గట్టిగా పిండాలి. నీరు మిగిలితే ముద్దయిపోతుంది, మరీ పిండితే పిప్పి అవుతుంది. పోపులో ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ మగ్గాక పసుపు వేసి బొరుగులు కలిపి, దించేముందు పుట్నాలపప్పు పొడి చల్లాలి. పక్కన మిరపకాయ బజ్జీ. ఇంటిల్లిపాదికీ ఇంత చౌకలో అయ్యే టిఫిను ఇంకోటి లేదు. అయినా ఇది లేనివాళ్ళ తిండి అని ఎవరూ అనరు. మార్కెట్ యార్డు దగ్గర బండి ముందు పత్తి వ్యాపారి, హమాలీ, కాలేజీ పిల్లలు పక్కపక్కనే నిలబడి అదే కాగితంలో అదే ఉగ్గాని తింటారు. వాడికి కావాల్సింది ఆ పక్కపక్కన నిలబడడం. గోబీ మంచూరియా బండి దగ్గర వాడు నా డబ్బుతో కొనుక్కునేదీ అదే అనుకుంటాను. ఆ ఎర్ర రంగులో గోబీ ఎంతుందో నాకైతే ఎప్పుడూ కనబడలేదు.

ఇలాంటప్పుడు చుట్టుపక్కల వాళ్ళు ఒక సలహా ఇస్తారు: సుగ్గికి పోయినోళ్ళ పిల్లల్ని చూపించు, తింటాడు. మా వైపు పంటలు పోయిన ఏడాది కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల నుంచి కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకోతలకు పోతాయి. అదే సుగ్గి. పిల్లలు కొందరు వెంట పోతారు, కొందరు అవ్వ దగ్గర ఉంటారు, కొందరు సీజనల్ హాస్టళ్ళలో. మా వాడి స్నేహితుడొకడు అలా అవ్వ దగ్గర ఉండి, తనే వండుకుని, తనే సద్ది కట్టుకుని వచ్చేవాడు. వాణ్ణి చూపించి నా కొడుకుతో తినిపించడం నా చేత కాదు. ఒకరి లేమిని ఇంకొకరి ముద్దలోకి నంజుకోమని ఎట్లా చెప్పను? పైగా ఆ పిల్లవాడికి మాత్రం వద్దనాలని ఉండదా? ఒకసారి మా ఇంట్లో బువ్వ తింటూ పప్పులో మెంతికూర ముక్కల్ని నెమ్మదిగా పక్కకు జరిపాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాడు. నేను చూడనట్టు మజ్జిగ కోసం లేచాను.

నన్ను ఎక్కువగా వేధించే సంగతి వేరే ఉంది. వద్దన్నది ఎక్కడికి పోతుంది? కలిగినవాళ్ళ ఇంట్లో చెత్తబుట్టలోకి పోతుంది. మా ఇంట్లో అలా పోదు. పొద్దున వాడు వదిలేసిన ఉప్మా మధ్యాహ్నం నా బడి డబ్బాలోకి వస్తుంది. రాత్రి మిగిలిన బువ్వ పొద్దునకు చిత్రాన్నమైతే సరే, కాకపోతే మజ్జిగ పోసుకుని నేను తినేస్తాను. వాడు వద్దన్న ప్రతిదానికీ ఒక కడుపు కావాలి, ఆ కడుపు నాది. ఇది మా అమ్మ నుంచి నాకొచ్చిన ఉద్యోగం. టెంపుల్ దొర లెక్కలోనూ ఆడమనిషికే తక్కువ తూగింది. ఇప్పుడు తూకం తక్కువేం కాదు, వంతు మాత్రం చివరిదే.

పోయిన నెల మా పాప కూడా మొదలుపెట్టింది. దానికి పదమూడు. పళ్ళెం ముందు కూచుని, "నాక్కూడా పప్పొద్దు" అంది. రేపు అత్తగారింట్లో ఇట్లనే అంటావా అని మా అత్త వెంటనే అందుకుంది. అన్న వద్దంటే వంట మారాలి, చెల్లెలు వద్దంటే చెల్లెలు మారాలి! అక్కడ నాకు కోపం వచ్చింది. ఇద్దరు వద్దనేవాళ్ళను మా సంపాదన మోయలేదు, అది నిజం. అలాగని ఒకడికి ఇచ్చి ఒకదానికి మానిపించడం కుదరదు.

ఆ రాత్రి ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను. వారానికి మనిషికి ఒక్కటి వద్దనొచ్చు. ఆదివారం సంతకు పోయేముందే చెప్పాలి. చెప్పినది ఆ వారం వండను. మిగతావి వండితే తినాలి, మిగిల్చినవాళ్ళే మర్నాడు తినాలి. వాడు కాసేపు బేరమాడి, రెండు ఇమ్మని అడిగి, చివరకు రొట్టె అన్నాడు. పాప పప్పు అంది. మా అత్త నాకేం వద్దులేమ్మా అంటూనే, కాకరకాయ చేయకుంటే మంచిదే అని గొణిగింది. మా ఆయన చాలాసేపు ఆలోచించాడు, ఏమీ తోచలేదన్నాడు. ఆయనకు నచ్చనిది ఈ ఇంట్లో ఏనాడూ వండలేదు మరి.

"నీది?" అని అడిగింది పాప.

గోరుచిక్కుడు అన్నాను. అందరూ నా వైపు చూశారు. పెళ్ళయినప్పటి నుంచి వారం వారం నా చేత్తోనే వండుతున్న కూర అది. "మరి ఇన్నాళ్ళూ తింటివే?" అన్నాడు మా ఆయన. తర్వాత మండీ బుద్ధి పోనిచ్చుకోక, సంతలో అన్నిటికన్నా చౌక అదే కదా, అది మానేస్తే వారానికి ఇరవై రూపాయలన్నా ఎక్కువవుతుందని లెక్క చెప్పాడు.

కానీ, అయితే అయింది అన్నాను.