డబ్బా మూత తీసి చూడుడు

తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనే, 1958లో కూనూరునుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ కలదు. ఆ దారిన పోవునపుడెల్ల, ఆహారపు విలువ ధరలో గాక పోషణలో నున్నదను మాట నాకు స్ఫురించుచుండును. అట్టి పోషణ తక్కువ ఖర్చుతో దొరకవలెనన్న ముందుచూపు వలయును. కందిపప్పు డబ్బా మూత తీయక, చీటీ వ్రాసికొనక, ఆకలితో అంగడికి పోయినవాడు ఇంట నున్నదానినే మరల కొని వచ్చును. డబ్బా అడుగు చూచి, చీటీ వ్రాసి, 1999లో ఉమ్మడి రాష్ట్రమున వెలసిన రైతుబజారులలో ధరల పలక చదివి, నవనవలాడు తోటకూర కట్టను, ఆ ఋతువున విరివిగా దొరకు కాయను ఎంచుకొనువారు స్వల్పవ్యయముతోనే ఇంటిల్లిపాదికిని బలము చేకూర్తురు. పొదుపనగా కడుపు మాడ్చుకొనుట కాదు. మితవ్యయము వేఱు, లోభము వేఱు. కావున నేడు సంచి చేతబట్టుటకు ముందు, ఒక్కమారు వంటింటి డబ్బాల మూతలు తీసి చూడుడు.