యంత్రబోధయు ఆచార్యధర్మమును

మూసీనదిని చాదర్‌ఘాట్ వద్ద దాటి మలక్‌పేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వైపు పోవు బాటసారికి, మూసారాంబాగ్ టీవీ టవరును, ఆ పిమ్మట కంప్యూటర్ కోర్సుల బోర్డులతో కిక్కిరిసిన మేడలను చూచినంతనే, విద్య యనునది ఒకచోటినుండి వేరొకచోటికి యంత్రముచే చేరవేయదగిన పదార్థమే యను భావము కలుగుట వింత కాదు. కాని ఆ పెద్దబాటకు లోపలి బస్తీలలో, తెలుగు మాధ్యమముననో ఉర్దూ మాధ్యమముననో పసివారు తొలి అక్షరమును దిద్దు సర్కారు బడులు కలవు. మన ప్రాథమిక పాఠశాలలలోనికి టీవీయు, ట్యాబును, తుదకు కృత్రిమ మేధయు ప్రవేశించుచున్న ఈ తరుణమున ఒక ధర్మజిజ్ఞాస మనయెదుట నిలిచియున్నది: యంత్రమే పాఠము చెప్పగలిగిన నాడు ఆచార్యునికి మిగులు కర్తవ్యమేమి?

ఈ ప్రశ్న నేటిది కాదు. ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయమున సత్యకామ జాబాలుని కథ కలదు. గోత్రమెరుగని ఆ బాలుని హారిద్రుమత గౌతముడు శిష్యునిగా గైకొని, బక్కచిక్కిన 400 గోవులను వేరుచేసి యప్పగించెను. అవి వేయియగు వరకు మరలిరానని పలికి బాలుడు వానిని తోలుకొనిపోయెను. మంద వేయియైన పిదప, తిరుగుదారిలో, వృషభమొక పాదమును, అగ్ని యొక పాదమును, హంస యొక పాదమును, మద్గువను నీటిపక్షి యొక పాదమును చొప్పున, నాలుగు పాదముల బ్రహ్మతత్త్వమును అతనికి బోధించెను. బోధించినవారిలో మనుష్యుడొక్కడును లేడు. బోధలో లోపమును లేదు. అయినను సత్యకాముడు గురువు చెంతకు వచ్చి, ఆచార్యునివలన నేర్చిన విద్యయే సార్థకమగునని పెద్దలవలన వింటిననియు, తనకు బోధింపవలెననియు ప్రార్థించెను. గౌతముడు బోధించినదియు ఆ విద్యయే. అందేదియు విడువబడలేదని శ్రుతియే చెప్పుచున్నది.

ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. విషయమంతయు ముందే విన్న శిష్యునికి, అదే విద్యను మరల చెప్పిన గురువు అధికముగా నొసగినదేమి? నా బుద్ధికి తోచిన సమాధానమిది. పాఠము చెప్పుటకు ముందే గౌతముడు శిష్యుని మోము చూచి, అందలి బ్రహ్మతేజమును గుర్తించి, నీకెవరు ఉపదేశించిరని యడిగెను. వృషభాదులు తమతమ పాదములను చెప్పి పోయినవి. చెప్పిన మాట బాలునియందు ఏమైనదో నిలిచి చూచినవాడు గౌతముడొక్కడే. నేర్చినవానియందు ఆ విద్య పొందు పరిణామమునకు బాధ్యత వహించుటయే ఆచార్యత్వము. సమాచారము ఎచ్చటినుండియైనను రావచ్చును. బాధ్యత మనుష్యునినుండియే రావలెను.

ఇట్లనుట యంత్రమును నిరసించుట కాదు. వృషభమును కాదనియుండినచో సత్యకామునికి తొలిపాదమే దక్కకపోయెడిది. 1975 ఆగస్టులో, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహపు తోడ్పాటుతో మన దేశము ప్రారంభించిన సైట్ ప్రయోగమున, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 పల్లెలకు టీవీ చేరెను. ఉదయపు ప్రసారములు బడిపిల్లలకే కేటాయింపబడెను. 2001లో పుట్టిన ‘మన టీవీ’ యను బోధన ఛానెల్ కాలక్రమమున టీ-శాట్‌గా మారెను. 2025లో తెలంగాణ ప్రభుత్వము కొన్ని ప్రాథమిక పాఠశాలలలో 3, 4, 5 తరగతుల పిల్లలకు కృత్రిమ మేధ సాయమున భాషను, గణితమును నేర్పు ప్రయత్నమును చేపట్టెను. ఇవన్నియు మేలే. కోవిడ్ కాలమున బడులు మూతపడగా, 2020 సెప్టెంబరు 1వ తేదీన టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ళలో పాఠములు మొదలగుటయు మేలే. అయితే ఆనాడు ఆ పాఠములు 3వ తరగతి మొదలుకొని పైవారికే ఆరంభమయ్యెను. అక్షరపు వాకిట నిలిచిన ఒకటి, రెండు తరగతుల పసివారు ఆ పట్టికలో లేరు. బలపము పట్టిన వ్రేళ్ళను సరిదిద్దుటకు, పలుకు తిరుగని నాలుకకు ఎదుట నోరు తెరచి చూపుటకు, మౌనముగా కూర్చున్న బిడ్డ ఆకలిగొనెనో భయపడెనో కనుగొనుటకు తెర చాలదను సత్యము అందువలన మరింత తేటపడినది.

ఈ సత్యమును ఇస్లాము పరంపరయు ఎరిగియున్నది. ఖురానును కంఠస్థము చేయు బాలునికి అచ్చుప్రతియు లభించును, మొబైలులో శ్రావ్యమైన పారాయణమును లభించును. అయినను అతడు ఉస్తాద్ ఎదుట కూర్చుండి, ఆయన నోట విని, ఆయనకే మరల అప్పజెప్పవలెను. అట్లు సరియనిపించుకొన్నవానికి గురువొసగు అనుమతియే ఇజాజత్. తన శిష్యుని పఠనమునకు తాను సాక్షినని గురువు పూచీపడుటయే దాని సారము. రెండు భిన్నమార్గములు ఒక్క విషయమున ఇట్లు ఏకమగుట ఉపేక్షింపదగినది కాదు.

ఇక బడిని నడపు ప్రధానోపాధ్యాయుని ధర్మము. చేరవచ్చిన సత్యకాముని గౌతముడు గోత్రమడిగెను. తల్లికిని తెలియదని బాలుడు ఉన్నదున్నట్లు చెప్పెను. అడిగిన వివరము దొరకలేదు. దొరికిన సత్యవాక్కును చూచి గురువు వానిని చేర్చుకొనెను. నేటి హెడ్మాస్టరు బడుల సమాచార వ్యవస్థయగు యూడైస్ వివరములను, మధ్యాహ్న భోజనపు లెక్కలను, హాజరును, 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమము క్రింద పిల్లల చదువు స్థాయిలను నమోదు చేయవలసియున్నాడు. ఈ లెక్కలు వ్యర్థములు కావు. లెక్కకెక్కని బిడ్డకు పుస్తకమును అందదు, అన్నమును అందదు. కాని హాజరు కొరకు ముఖమును గుర్తించు యంత్రము పిల్లవాడు వచ్చెనని మాత్రమే చెప్పగలదు. వాడేమి గ్రహించెనో ముఖము చూచి తెలిసికొనుట గురువు పని. కావున కంప్యూటర్ వలన మిగిలిన కాలము క్రొత్త ఫారములకు గాక తరగతిగదికే చెందవలెను. స్టాఫ్ మీటింగులో మొదటి ప్రశ్న అప్‌లోడు పూర్తియయ్యెనా యనునది గాక, ఇంకను చదువరాని బిడ్డ యెవరు, వాని భారము మనలో ఎవరు వహింతుమనునది కావలెను.

విద్యాధికారులకు నా విన్నపమిది: బడులకు ట్యాబులిండు, తెరలిండు, మంచి పాఠములను చేయించి పంపుడు, కాని వానిని చూపి ఒక్క ఉపాధ్యాయుని స్థానమునైనను ఖాళీగా నుంచకుడు. యంత్రము పాఠము చెప్పిన పిదప పిల్లవాని ఎదుట కూర్చుండి, వాడు నేర్చినది వాని నోటనే విని, దానికి పూచీపడు మనుష్యుడొకడు ప్రతి తరగతియందును ఉండి తీరవలెను.