చప్పుడు చేరినంత మేర

ఇంట్లో నిత్యం వాడే పాత్రనో పనిముట్టునో వాద్యంగా మార్చుకొని, ఇరుగుపొరుగు వారి ఎదుట, వారి కోసమే వాయించే చిన్న బృందాల సంగీతాన్ని శాస్త్రగ్రంథాలు సాధారణంగా ఒకటి రెండు వాక్యాలలో ప్రస్తావించి ముందుకు సాగిపోతాయి. దానిని శాస్త్రీయ సంగీతానికి ముందున్న మొరటు దశగానో, పెద్ద వేదిక దొరకనివారి కాలక్షేపంగానో చూడడం పండితులకు అలవాటైపోయింది. చిన్న చోట చిన్న సాధనంతో పుట్టే సంగీతానికి దానిదైన కొలమానం ఒకటి ఉందనీ, సూరత్‌లో మరమగ్గాల నడుమ బతుకుతున్న తెలుగు నేతకార్మికుల జీవితాన్ని దృష్టిలో పెట్టుకొని ఆలోచించినప్పుడు ఆ కొలమానం స్పష్టంగా గోచరిస్తుందనీ చెప్పడం ఈ చింతన ఉద్దేశం.

ఈ కోవకు చెందిన బృందాలలో ప్రపంచానికి బాగా తెలిసినవి అమెరికాలోని జగ్ బ్యాండ్లు. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో, 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో, ఎర్ల్ మెక్‌డొనాల్డ్ వంటి నల్లజాతి వాద్యకారులు సారా నిలువచేసే మట్టిజాడీని నోటికి కాస్త ఎడంగా పట్టుకొని, పెదవులు అదిరేలా దాని మూతిలోకి ఊదుతూ, ఖరీదైన ఇత్తడి బూరా ఇవ్వవలసిన మంద్రస్వరాన్ని రాబట్టేవారు. బట్టలుతికే గరుకు రేకుపలకను వేళ్లకు లోహపు తొడుగులు పెట్టుకొని గీరితే అది తాళవాద్యమయ్యేది. తొట్టిని బోర్లించి, దాని నడుమ నుంచి ఒక తాడును నిలువు కర్ర కొనకు కట్టి, కర్రను వంచుతూ తాడును మీటితే అది తంత్రీవాద్యమయ్యేది. నదిలో తిరిగే ఓడల మీద, డెర్బీ గుర్రప్పందేల వేళ వీధి మూలల్లో, సంపన్నుల ఇళ్ల విందులలో ఈ బృందాలు వాయించాయి. 1924లో వీరి పాటలు తొలిసారి గ్రామఫోను రికార్డులకెక్కాయి, 1927లో విల్ షేడ్ నాయకత్వంలోని మెంఫిస్ జగ్ బ్యాండ్ విక్టర్ కంపెనీకి పాడింది.

భారతదేశంలో ఈ పేరు లేదు గానీ ఈ పని ఉంది, అదీ సూరత్ ఉన్న గుజరాత్‌లోనే అపురూపమైన రూపంలో ఉంది. మాణ్ అనేది పొట్ట పెద్దదిగా, మెడ సన్నగా ఉండే రాగి బిందె. వేళ్లకు లోహపు ఉంగరాలు ధరించి, ఆ బిందెను ముందు పెట్టుకొని దాని పొట్ట మీద దరువు వేస్తూ పురాణకథ చెప్పేవారిని మాణభట్టులంటారు. వారు చెప్పే కథాకావ్యానికి ఆఖ్యానమని పేరు, అది పాడడానికి వీలైన చిన్న చిన్న భాగాలుగా నడుస్తుంది. 17వ శతాబ్దిలో వడోదరకు చెందిన ప్రేమానంద భట్టు ఈ ప్రక్రియను శిఖరానికి చేర్చాడు, ఇటీవలి కాలంలో అదే నగరానికి చెందిన ధార్మిక్‌లాల్ పండ్యా దానిని నిలబెట్టాడు. గుజరాతీ సాహిత్యం తన మహాకవులలో ఒకడిగా ఎంచుకునే వ్యక్తి నీళ్లబిందెను పోలిన పాత్రను వాయిస్తూ వీధి జనం నడుమ కూర్చున్నాడన్న సంగతి సాహిత్య చరిత్రలలో ఒక వివరంగా మిగిలిపోవడం విచారకరం. ఆ కావ్యాల నడకను, వాటి విరామాలను అర్థం చేసుకోవడానికి అంతకన్న ముఖ్యమైన ఆధారం మరొకటి లేదు.

తెలుగునాట కూడా ఇటువంటి సాధనాలున్నాయి. బైండ్లవారు రేణుకా ఎల్లమ్మ కథ చెబుతూ వాయించే జమిడికలో ఒక గుల్ల గొట్టానికి ఒకవైపు చర్మం మూసి, ఆ చర్మం నడుమ నుంచి నరపు తీగను లాగి, దాని కొనను చేత్తో బిగిస్తూ వదులుతూ మీటుతారు. బిగువు మారినకొద్దీ స్వరం మారుతుంది. ఉత్తరాంధ్రలో జముకుల కథకు ప్రాణమైన జముకు దీనికి దగ్గరి చుట్టం. అమెరికా తొట్టివాద్యంలో పనిచేసే సూత్రం సరిగ్గా ఇదే కావడం, ఒకరి సంగతి ఒకరికి తెలియని పేదజనం ఒకే భౌతిక సత్యాన్ని తమ చేతులతో కనుగొన్నారనడానికి నిదర్శనం. భరతుని నాట్యశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని, అంటే తీగవి, తోలు మూసినవి, గట్టి లోహపువి, గాలితో పలికేవి అని నాలుగుగా విభజించింది. తోలూ తీగా కలిసి పలికే జమిడిక ఆ గడులలో ఏ ఒక్కదానిలోనూ పూర్తిగా ఇమడదు.

పాత్ర ఎందుకు పలుకుతుందన్న ప్రశ్నకు భౌతికశాస్త్రం ఇచ్చే సమాధానం సరళమైనది. లోపల బందీ అయిన గాలి ఒక స్ప్రింగులా ముడుచుకొని విప్పారుతుంది, ఆ గాలి పరిమాణమూ మూతి వెడల్పూ కలిసి స్వరాన్ని నిర్ణయిస్తాయి. అందుకే జాడీలో నీరు పోస్తే గాలికి చోటు తగ్గి స్వరం పైకి పోతుంది. అద్వైతులు ఘటాకాశమనే దృష్టాంతాన్ని చెబుతారు: కుండలోని ఆకాశమూ బయటి మహాకాశమూ ఒక్కటే, కుండ గోడ కల్పించిన హద్దు ఉపాధి మాత్రమే, అంటే పైనుంచి వచ్చి చేరిన పరిమితి మాత్రమే, కుండ పగిలితే భేదం మిగలదు. మోక్షం కోరేవారికి ఆ మాట చాలును. వాద్యకారుని వైపు నుంచి చూస్తే అదే దృష్టాంతం మరో సత్యాన్ని చూపుతుంది, ఎందుకంటే మహాకాశంలోకి ఎంత ఊదినా స్వరం రాదు; గోడ ఉన్నచోటే, అది గాలిని ఇంతేనని కట్టడి చేసినచోటే నాదం పుడుతుంది. పరిమితి లోపమనే భావన సంగీతంలో చెల్లదన్న నిశ్చయానికి ఇక్కడి నుంచే దారి ఉంది.

సూరత్‌లో ఈ మాటకు బరువు పెరుగుతుంది. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరంలో లక్షల సంఖ్యలో మరమగ్గాలు కృత్రిమ పట్టును నేస్తాయి. వాటిని నడిపేవారిలో ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చిన తెలుగువారు, ముఖ్యంగా పద్మశాలీలు, లింబాయత్, ఉధ్నా వంటి పేటలలో స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడిపేంతగా వారి ఉనికి ఇక్కడ వేళ్లూనింది. వీరి పూర్వులు గుంటమగ్గంలో కూర్చొని కాళ్లతో తొక్కుపలకలు తొక్కుతూ, చేత్తో నాడె విసురుతూ నేసినప్పుడు పని లయను నేతగాని శరీరమే నిర్ణయించేది. అలసట వస్తే లయ తగ్గేది, కూనిరాగం వస్తే దానితో కలిసి సాగేది. సాంచా, అంటే మరమగ్గం, వచ్చాక లయ మోటారుదైంది. నాడె నిమిషానికి నూరుసార్లకు పైగా కొట్టుకుంటుంది, శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది, పన్నెండు గంటల పాళీలో మనిషి ఆ లయకు లోబడి నడుస్తాడు, పక్కవానితో మాట్లాడాలంటే సైగలు చేస్తాడు. యంత్రం మీద ఫిర్యాదుగా ఈ మాట చెప్పడం లేదు, అది కుటుంబాలకు అన్నం పెట్టింది. అయితే రోజులో సగభాగం తనది కాని లయలో గడిపిన మనిషి సాయంత్రం ఒక జత చిడతలు చేతిలోకి తీసుకున్నప్పుడు జరిగేదాన్ని వినోదమని పిలిస్తే చాలదు. కాలాన్ని ముక్కలు చేసే అధికారం ఆ గంటసేపు అతని చేతికి తిరిగి వస్తుంది. ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు జోరు పెంచాలో అతడే నిర్ణయిస్తాడు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. పేదవారు జాడీలు వాయించడాన్ని కొనియాడడం లేమిని కొనియాడడంగా మారకూడదు. మెంఫిస్‌కు చెందిన గస్ కానన్ 1929లో రికార్డు చేసిన ఒక పాట 1963లో వేరొక బృందం గొంతులో అమెరికా అంతటా ప్రథమస్థానంలో నిలిచింది. ఆ చలికాలం బొగ్గు కొనుక్కోవడానికి అతడు తన బాంజోను తాకట్టు పెట్టాడని ఆ సంగీత చరిత్ర రాసినవారు నమోదు చేశారు. పాట దూరం వెళ్లినప్పుడు పాటగాడు వెనుకనే ఉండిపోయాడు. పద్మశాలీల కులపురాణాన్ని, మార్కండేయుని, భావనాఋషి కథలను చేర్యాల నకాశీ చిత్రకారులు వేసిన పటం విప్పి చెప్పే కూనపులివారి సంగతి ఇంతకంటే కఠినమైనది. ఏ ఊరి పద్మశాలీలను ఏ కుటుంబం అడగాలో నిర్ణయించే వంశపారంపర్య హక్కును మిరాశి అంటారు. పోషకులు భివండికీ సోలాపూర్‌కూ సూరత్‌కూ తరలిపోయినకొద్దీ ఆ మిరాశి ఊళ్లు ఖాళీ అయ్యాయి. కథ చెప్పేవారు దూరమైనచోట తమ పాటను తామే పాడుకోవలసి రావడం కూడా సూరత్‌లోని తెలుగువారి భజన బృందాల పుట్టుకలో ఒక భాగమని గుర్తించాలి. అది స్వేచ్ఛ, అదే సమయంలో నష్టం కూడా.

చిన్న బృందాల చరిత్రను రాసేవారు ఎక్కువగా వాటిని మెట్లుగా చూస్తారు. ఇంగ్లండులో 1950లలో స్కిఫుల్ అనే పేరుతో రేకుపలకలూ తేయాకు పెట్టెకు కట్టిన తాడూ వాయించే కుర్రకారు బృందాలు వేలాదిగా వెలిశాయి. లివర్‌పూల్‌లో జాన్ లెనన్ 1956లో ఏర్పరచిన క్వారీమెన్ అటువంటిదే, 1957 జూలై 6న ఒక చర్చి ఉత్సవంలో అది వాయించిన రోజునే అతనికి పాల్ మెకార్ట్నీ పరిచయమయ్యాడు. ఆ చిన్న కచేరీని లోకం గుర్తుంచుకున్నది తరువాత వచ్చిన బీటిల్స్ కోసం. అదే కాలంలో అదే పెట్టెలు వాయించి, మర్నాడు కర్మాగారానికి వెళ్లి, ఏ చరిత్రకూ ఎక్కని వేలమంది చేసినది అసంపూర్ణమైన పని అనుకుంటే పెద్ద తప్పు జరుగుతుంది. వారి పాట దానికోసం చేరినవారికి చేరింది, ఆ సాయంకాలానికి అది సంపూర్ణం.

శరదృతువులో సూరత్ ఈ విషయాన్ని కళ్లకు కట్టిస్తుంది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది, మర్నాటి నుంచి గుజరాతీల నవరాత్రి మొదలవుతుంది. ఒకే నగరంలో ఒకరు పేర్చిన పూల చుట్టూ, మరొకరు చిల్లుల కుండలో వెలిగించిన దీపం చుట్టూ తిరుగుతారు. గర్బా అనే పేరే ఆ దీపపు కుండ నుంచి వచ్చింది, 2023లో యునెస్కో దానిని మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది. బతుకమ్మకు అసలు వాద్యమే అక్కరలేదు, చప్పట్లే తాళం. ఇంటి సాధనాలతో చేసే సంగీతంలో ఇంతకంటే అల్పమైన సాధనం, ఇంతకంటే స్వతంత్రమైన సాధనం ఉండబోదు. ఈ వలయానికి సహజమైన కొలత ఒకటుంది: ముందున్న స్త్రీ ఎత్తుకున్న పాట పాదం అవతలి అంచున ఉన్న స్త్రీకి వినబడాలి, అది వినబడనంత పెద్దదైతే వలయం రెండుగా చీలుతుంది, లేదా లోపల మరొకటి ఏర్పడుతుంది. రికార్డు చేసిన పాటను పెద్ద లౌడుస్పీకర్లలో వేసినప్పుడు ఈ హద్దు పోతుంది, వేలమంది ఒకేసారి ఆడగలుగుతారు. ఆ ఆనందాన్ని కాదనవలసిన పని లేదు. కానీ ముసలామె అడుగు తడబడినప్పుడు స్పీకరు ఆగదు, మనుషులే పాడుతున్నప్పుడు మాత్రం పాట ఆమె కోసం నెమ్మదిస్తుంది. ఈ ఒక్క తేడా చాలు, పెద్ద సంగీతానికి చిన్న సంగీతం నమూనా కాదని, అది వేరొక నైతిక సంబంధమని తేల్చడానికి.

చిన్న కచేరీకి ముట్టే ప్రతిఫలం కూడా ఈ సంబంధం నుంచే అర్థమవుతుంది. తెలుగు పల్లెల్లో కథకుడికి శ్రోతలిచ్చిన సొమ్మును నడుమ ఆగి, ఇచ్చినవారి పేరు చెప్పి, ప్రకటించడం ఆనవాయితీ, దీనిని చదివింపులంటారు. టిక్కెట్టు కొన్న శ్రోతకు పేరుండదు, చదివింపు ఇచ్చిన శ్రోత పేరు మాత్రం కథలో భాగమవుతుంది, అతని తండ్రి పేరు, ఊరి పేరు కూడా దానితోపాటు వినబడతాయి. ఊరు వదిలి వచ్చినవారి పేటలో ఒక మనిషి పేరును అతని ఊరిపేరుతో కలిపి పదిమందిలో పలకడం చిన్న విషయం కాదు.

ఇక మిగిలిన ప్రశ్న సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్లలది. వారు బడిలో ఒక భాష, బజారులో గుజరాతీ, హిందీ, ఇంట్లో తెలంగాణ మాండలికం మాట్లాడుతూ, తాతల పాటల మాటలు సగమే తెలిసి పెరుగుతారు. సభావేదిక మీది సంగీతం ఇటువంటి పిల్లవాణ్ణి శ్రోతల్లో కూర్చోబెడుతుంది, ఎందుకంటే అక్కడ పూర్తిగా వచ్చినవారికే చోటు. భజనలోనూ కథలోనూ వంత అనేది ఒకటుంది, ప్రధాన గాయకుడు పలికిన చరణాన్ని పక్కవారు అందుకొని తిరిగి పాడడమే వంత. దానికి పాట ముందే వచ్చి ఉండనక్కరలేదు, ఇప్పుడే విన్నదాన్ని ఇప్పుడే పలికితే చాలు. చేతికి తాళాలిచ్చి వంతలో నిలబెట్టిన పిల్లవాడు మొదట దరువును, తరువాత రాగాన్ని, చాలా తరువాత అర్థాన్ని అందుకుంటాడు, ఈ వరుస ఏ పాఠ్యప్రణాళికలోనూ కనబడని వరుస. అతడు తప్పు పలికినా పదిమంది గొంతుల్లో ఆ తప్పు బయటపడదు. సరిగ్గా పలికిన రోజున పక్కనున్నవాడికి తెలుస్తుంది. వంత పాడేవాడు లేని రోజున ప్రధాన గాయకుడు ఎంత విద్వాంసుడైనా చరణం చివర ఊపిరి తీసుకోవడానికి వ్యవధి దొరకదు గనుక, రాగం రాని ఆ పిల్లవాడి అవసరం పెద్దవారికి కూడా నిజంగానే ఉంటుంది.