నష్టం లెక్క ఎవరు రాయాలి?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊర్ల నుంచి కాకతీయ యూనివర్సిటీకి చదువుకోను వచ్చిన తమ్ముడూ! "నా పైసలు, నా ఒళ్లు. తాగితే ఎవరికేం నష్టం?" అని దావత్‌లో అడుగుతుంటావు. అడగాల్సిన ప్రశ్నే. మరి ఆ నష్టాన్ని కొలిచేదెట్లా?

సిగాలోవాద సుత్తంలో బుద్ధ భగవానుడు సిగాలుడనే యువకుడికి తాగుడు వల్ల ఆరు నష్టాలు చెప్పాడు: డబ్బు పోవడం, కొట్లాటలు, రోగాలు, చెడ్డపేరు, సిగ్గు విడవడం, బుద్ధి మందగించడం. ఎన్ని సీసాలన్న లెక్క అందులో లేదు. కొట్లాటకు రెండోవాడు ఉండాలి కదా. రోగమైనా నీ ఒక్కడిదేనా? దవాఖాన బిల్లు పత్తి ఏరే అమ్మో, బొగ్గుబావిలో దిగే నాయినో కట్టాలి.

అసలు చిక్కు ఆరోదాంట్లో ఉంది. నష్టాన్ని కొలవాల్సింది బుద్ధి. మందు మొద్దుబార్చేది దాన్నే! తూకం వేసే త్రాసే చెడిపోయాక "నాకేం కాలేదు" అన్న మాటకు విలువెంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఆడిట్' పరీక్షలోనూ పది ప్రశ్నల్లో మూడే ఎంత తాగుతావని అడుగుతాయి. మొత్తం 40 మార్కుల్లో 8 వచ్చినా హెచ్చరికే. పదో ప్రశ్న చూడు: నీ తాగుడు గురించి చుట్టాలు, దోస్తులు, డాక్టరు ఎవరైనా రంది పడ్డారా?

దానికి జవాబు నీ దగ్గర ఉండదు. రూమ్మేట్‌ను అడుగు, పండుగకు ఇంటికి పోయినప్పుడు చెల్లెను అడుగు.