టెంకలో పురుగు

అమెరికాలో వున్న మా చెల్లెలు మొన్న ఫోను చేసింది. "అక్కా, ఇండియా మామిడిపళ్లు కొన్నాం. పెట్టె మీద ఆకుపచ్చ ముద్ర వుంది, రేడియేషన్ ఇచ్చారట. పిల్లలకి పెట్టొచ్చంటావా?"

"నిక్షేపంలా పెట్టు," అన్నాను. ఆర్ట్సు చదివినదాన్ని సైన్సు సలహాలు చెప్పడం విడ్డూరమే! అయినా ఆ మాత్రం చదివి తెలుసుకున్నాను. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలు పండులోంచి దూసుకుపోతాయేగాని అందులో నిలవవు. ఎక్స్‌రే తీయించుకున్న మనిషి ఇంటికొచ్చి కిరణాలు చిమ్మడు కదా! 1989 నుంచి మన మామిడిని గుమ్మం తొక్కనివ్వని అమెరికా, 2007లో ఈ షరతు మీదే తలుపు తీసింది. అప్పుడు నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో పళ్లకి ఈ కిరణస్నానం చేయించి పంపారు.

వాళ్లకి ముఖ్యమైన భయం టెంక పురుగంటే. తల్లి పురుగు పిందె మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు కండ తొలుచుకుని టెంకలోకి చేరేసరికి పైన గాటు మానిపోతుంది. పండు తిని టెంక పగలగొడితే తప్ప అయ్యగారి ఆచూకీ తెలియదు.

ఇంతవరకూ నాకే పేచీ లేదు. చిక్కెక్కడంటే, వాళ్లిచ్చే 400 గ్రేల మోతాదు పురుగుని అక్కడికక్కడ చంపడానికి కాదట. దాని వంశం పెరక్కుండా చేస్తే చాలట. అవతలి దేశంలో పెట్టె తెరిచినప్పుడు అది ప్రాణాలతో కనిపించినా ఫరవాలేదు. గొడ్డుబోయిన పురుగు లెక్కలోకి రాదు.

ఆ మాట దగ్గర మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్నికి పిల్లల్లేరు. సీమంతాలకీ, బారసాలలకీ ఆవిణ్ణి పిలిచేవారు కాదు. పిలిచినా వంటింటి గుమ్మం దాటి వచ్చేది కాదు. వేసవి సెలవుల్లో మా పదిమందికీ మామిడిముక్కలు కోసిపెట్టి, టెంకలు మాత్రం తను వుంచుకునేది. అలాంటి మనిషిని కూడా లెక్కలోంచి తీసేశారు. రామాయణంలో పార్వతీదేవి దేవతల మీద కోపం వచ్చి ఏమని శపించింది? సంతానం కలక్కూడదనేగా! అంతకు మించిన శిక్ష తోచలేదు కాబోలు.

మా అత్తగారు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. "చంపలేదుగా, పాపం లేదు పో."

నాకంత తొందరగా తేలదు. అలాగని పురుగు పక్షాన నిలబడి తోటలు పాడుచేసుకోమననూ లేను. మిథైల్ బ్రోమైడ్ పొగ పెడితే పురుగులు చావడమే కాదు, ఆ పొగ పైకెళ్లి ఓజోను పొరని తింటుంది. రెంటిలో ఏది నయమంటే నా ఓటు కిరణాలకే. కాకపోతే దీన్ని దయ అనకండి, అవసరం అనండి. వంశం లేని బతుకు బతుకే కాదన్నట్టు మాట్లాడితేనే నాకు కష్టంగా వుంటుంది. పిన్ని బతికింది కదా!

నిన్న చెల్లెలు మళ్లీ ఫోను చేసింది. పళ్లు అమృతమేనట. "పిల్లలు టెంక తీసుకెళ్లి కుండీలో పాతారక్కా. మొలుస్తుందా?"

ఆ కిరణాలు దాని జీడిలోంచి కూడా వెళ్లాయన్న సంగతి నోటిదాకా వచ్చింది.

"నీళ్లు పోస్తూ వుండమను," అన్నాను.