కూలి పుచ్చుకుంటే ఆట మైలపడుతుందా?

ఐర్లండ్ రగ్బీ ఆటగాడు కెన్ గుడాల్ 1967–70 మధ్య దేశం తరఫున 19 మ్యాచ్‌లు ఆడాడు. 1970 మార్చిలో డబ్లిన్‌లో వేల్స్‌ను 14–0తో ఓడించిన రోజున, బంతిని ప్రత్యర్థుల మీదుగా తన్ని, తానే పరుగెత్తి అందుకుని అతను చేసిన ట్రైని (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడాన్ని) రగ్బీ అభిమానులు చాలాకాలం చెప్పుకున్నారు. ఆ ఏడాదే అతను ఇంగ్లండ్‌లోని వర్కింగ్టన్ టౌన్ క్లబ్బులో చేరి, పదిహేనుమంది ఆడే యూనియన్ వదిలి పదముగ్గురు ఆడే లీగ్‌కు మారాడు. లీగ్‌లో ఆటకు డబ్బిచ్చేవారు. యూనియన్‌లో అది నిషిద్ధం. ఒకసారి అటు వెళ్లినవాడికి యూనియన్‌లో మళ్లీ చోటుండేది కాదు. 1955లో బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి యూనియన్ జట్టు లయన్స్‌కు నాయకుడైన రాబిన్ థాంప్సన్ కూడా మరుసటి ఏడాది లీగ్ క్లబ్బు వారింగ్టన్‌లో చేరి ఇలాగే వెలిపడ్డాడు. ప్రతిఫలం పుచ్చుకున్నంత మాత్రాన పని పవిత్రత పోతుందా అన్నది ఇక్కడి అసలు ప్రశ్న. పోదనే నా వాదన.

ఈ వెలి పుట్టుక చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఇప్పించాలన్న ప్రతిపాదనను 1893లో ఇంగ్లండ్ రగ్బీ సంఘం తోసిపుచ్చింది. 1895లో ఉత్తరాది క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. నేటి లీగ్ అలా మొదలైంది. అంటే ఒక పూట సంపాదన పోయినా ఇల్లు గడిచేవాడికే ఆ పవిత్రత అందుబాటులో ఉండేది. కలిమి ఇచ్చిన సౌకర్యానికి శీలం అని పేరు పెట్టారు.

గీత బోధించిన నిష్కామకర్మ సంగతేమిటని అడగవచ్చు. గీత వదలమన్నది ఫలాపేక్షను, జీవనోపాధిని కాదు. పదిహేడో అధ్యాయం దక్షిణ లేని యజ్ఞాన్ని తామస యజ్ఞాల్లో చేర్చింది. దక్షిణ పుచ్చుకున్న ఋత్విజుడు అపవిత్రుడు కాలేదు. పైగా డబ్బు ముట్టని ఆటగాడికి కీర్తి మీద, దేశపు జెర్సీ మీద ఆశ ఉండదా? ఆశ మనసులో ఉంటుంది, దాన్ని జీతపు చీటీలో వెతికితే దొరకదు.

నియమం తెలిసే వెళ్లాడు కదా, శిక్ష న్యాయమే కదా అనేవారూ ఉంటారు. నియమం తెలియడం వేరు, నియమం న్యాయం కావడం వేరు. లీగ్‌లో ఆడినన్నాళ్లు యూనియన్‌కు దూరంగా ఉంచితే అది క్రమశిక్షణ. ఆ తర్వాత కూడా జీవితాంతం రానివ్వకపోతే అది మనిషిని మైలగా చూడడం. డబ్బు వచ్చాక ఆటలో అత్యాశ పెరిగిందన్న అభ్యంతరంలో మాత్రం నిజముంది. అయితే అత్యాశకు విరుగుడు ఆదాయాన్ని సమంగా పంచడంలో, లెక్కలు బయటపెట్టడంలో ఉంది. కష్టానికి కూలి అడిగినవాణ్ని పాపి అనడంలో లేదు.

1995లో అంతర్జాతీయ రగ్బీ బోర్డే యూనియన్‌లో వేతనాలను అనుమతించింది. లీగ్‌లో పేరు తెచ్చుకున్న కార్క్ ఆటగాడు బ్రయన్ కార్నీ 2007లో ఐర్లండ్‌లోని యూనియన్ జట్టు మన్‌స్టర్‌కు మారి, ఆ ఏడాదే ఐర్లండ్ యూనియన్ జట్టులోనూ ఆడాడు. గుడాల్‌కు నేరమైన మార్పు కార్నీకి ఉద్యోగం మారడమంత మామూలైంది. వేతనమే స్వతహాగా దోషమైతే, ఒక బోర్డు తీర్మానంతో అది తుడిచిపెట్టుకుపోదు. కాబట్టి కొలవాల్సింది పనిచేసేవాడి నిజాయితీని, శ్రద్ధను. అతని చేతిలో డబ్బు పడిందా లేదా అన్నది వాటికి కొలబద్ద కాదు.