భారము పడినప్పుడు పుట్టు వేడి

ధ్యాన భాగము: యోనా 4వ అధ్యాయము



ఎల్లప్పుడు కనబడు దోషమును పట్టుకొనుట సులభము. అప్పుడప్పుడు కనబడి, ఎవరికైన చూపింపబోవు వేళకు మాయమగు దోషమే మనుష్యుని అలయించును. 2023వ సంవత్సరము మే నెలలో నేను భిలాయిలోనున్న మా కుమారుని యింట మూడు వారములుంటిని. యోనా గ్రంథపు అనువాద ప్రతిని కడపటిసారి సరిచూడవలసియుండెను గనుక ఆ కాగితములు వెంట తీసికొనిపోతిని. నాలుగవ అధ్యాయమునకు నేను వెదకిన వ్యాఖ్యానము నా పుస్తకములలో దొరకలేదు. పవర్ హౌస్ ప్రాంతమందలి ఒక మెకానిక్ షెడ్డులో దొరకినది.

మా కుమారుని కారునకు టర్బో ఇంజను ఉన్నది. ఊరిలో తిరిగినంతసేపు దానికి ఏ లోపమును లేదు. సెక్టారుల చెట్ల నీడలో, సివిక్ సెంటరు వరకు, ఆదివారము ఆరాధనకు, నిమ్మళముగా పోవును. కాని నలుగురము ఎక్కి, ఏసీ వేసికొని, మిట్టమధ్యాహ్నమున రాయపూరు దారి పట్టితిమా, ఒక్కొక్కసారి వేడిని చూపు ముల్లు చటుక్కున ఎర్రగీతకు ఎగబ్రాకును. పక్కకు తీసి అరగంట ఆగితే, ఏమియు ఎరుగనట్లు చల్లబడును. మా వాడు రెండు మార్లు ఒక సర్వీసు కేంద్రమునకు తీసికొనిపోయెను. అక్కడివారు బండిని నిలిపి చూచిరి, ముల్లు కదలలేదు. కూలెంటు మార్చి, బిల్లు చేతికిచ్చి పంపివేసిరి.

ఆ వారములోనే మరియొకటి జరిగెను. నా సహకారియైన యువకుడొకడు అనువాద ప్రతిలో నా పనిని తప్పుపట్టుచు నాలుగు చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టెను. దానిగూర్చి ఫోనులో నేను అతనితో పలికిన మాటలు ఇల్లంతయు వినబడెను. మా కోడలు వంటింటిలోనికి వెళ్లి తలుపు దగ్గరకు వేసికొనెను. సాయంకాలము నేను నెమ్మదించి ప్రార్థన నడిపించితిని.

టర్బో సంగతి భిలాయివారికి చెప్పనక్కరలేదు. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి ఆ పట్టణము గాలి ఊది నిప్పు పెంచు విద్యతోనే బ్రదుకుచున్నది. ఎంత గాలి ఊదిన అంత నిప్పు. కొలిమి గోడలు కరగిపోకుండ కాచుటకు నీరు క్షణమైనను ఆగరాదు. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుకి 1905లో పేటెంటు పొందిన టర్బో కూడ ఇటువంటిదే. ఇంజను విడిచిపెట్టు పొగ ఒక చిన్న చక్రమును నిమిషమునకు లక్షకు పైబడిన చుట్లు త్రిప్పును. ఆ చక్రముతో కూడ తిరుగు మరియొక చక్రము గాలిని అదిమి ఇంజనులోనికి పంపును. గాలి హెచ్చుగా వచ్చినది గనుక ఇంధనమును హెచ్చుగా మండింపవచ్చును. చిన్న ఇంజను పెద్దదానివలె లాగును. అయితే పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవ వంతు కూలెంటు నీటిలోనికే దిగవలెను. అదిమిన గాలియు వేడెక్కును గనుక దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు అను మరియొక జల్లెడ కావలెను. ఈ కారులో ముందు ఇంటర్‌కూలరు, దాని వెనుక ఏసీ కండెన్సరు, దాని వెనుక రేడియేటరు, మూడును ఒకదానికొకటి ఆనుకొని యుండును.

మెకానిక్ శ్రీకాకుళము జిల్లానుండి తండ్రితో చిన్ననాడే వచ్చినవాడు. అతడు బానెట్టు ఎత్తలేదు. "ఎప్పుడు వేడెక్కుతుంది?" అని అడిగెను. సిగ్నలు వద్ద నిలిచినప్పుడా? కాదు. అయితే ఫ్యాను పని చేయుచున్నది. ఉదయమున బయలుదేరగనేనా? కాదు. నలుగురు ఎక్కినప్పుడు, ఏసీ ఉన్నప్పుడు, వేగముగా పోవునప్పుడు. సరే, బండి ఈ రాత్రి ఇక్కడ ఉంచుడనెను. మరునాడు ఇంజను త్రిప్పకమునుపే పై రబ్బరు గొట్టమును నొక్కి చూచెను. రాత్రియంతయు చల్లబడిన తరువాత కూడ అది బిర్రబిగిసియుంటే, హెడ్ గాస్కెటు పగిలి మంటలోని వాయువు నీటిలో కలియుచున్నదని అనుమానింపవచ్చునట. గొట్టము మెత్తగా ఉన్నది. అంతటితో తృప్తిపడక, నీటి డబ్బాలోని ఆవిరిని ఒక నీలి ద్రావకముగుండ లాగించెను. వాయువు కలిసియుంటే అది పసుపు వర్ణమగును. నీలముగానే నిలిచెను. థర్మోస్టాటును విప్పి వేడినీటి గిన్నెలో వేయగా అది తెరచుకొనవలసిన వేళకే తెరచుకొనెను. మూత యొక్క ఒత్తిడియు సరిగానున్నది. (ఒత్తిడి క్రింద నున్న నీరు నూరు డిగ్రీలు దాటినను మరుగదు, మూత తీసిన క్షణముననే మరగి మీదికి చిమ్మును. వేడి బండి మూత జోలికి ఎవ్వరును పోరాదు.)

"ఇక దాన్ని కోప్పడనివ్వాలి" అని అతడు నవ్వుచు లేచెను. ఒక చిన్న రీడరును కారునకు తగిలించి, మమ్ము అందరిని ఎక్కించుకొని, ఎండ నడినెత్తిన నుండగా, ఏసీ నిండుగా త్రిప్పి, రాయపూరు దారి పట్టించెను. చరోదా దాటునప్పటికి 98 డిగ్రీలు. కుమ్హారి వద్ద 106. ఖారూన్ వంతెన చేరకమునుపే 113. అప్పుడు గాని ముల్లు కదలలేదు! ఇప్పటి కార్లు అనేకములలో యజమాని ఊరక కలవరపడకుండునట్లు ముల్లును చాలదూరము నడుమనే నిలిచియుండునట్లు చేయుదురట. ముఖము ప్రశాంతముగా కనబడుటకు బోధకులు కూడ ఇట్టి ఏర్పాటొకటి చేసికొందురని నేను ఎరుగుదును. అతడు ఏసీ ఆపి హీటరు వేసెను. ఇంజను వేడిని కొంత లోపలికి లాగుటకు అదియొక ఉపాయము. భిలాయి మే నెలలో హీటరు గాలి యెట్టిదో చెప్పనక్కరలేదు.

తిరిగివచ్చి ముందరి బంపరు విప్పెను. ఎదుటనుండి చూచితే ఇంటర్‌కూలరు శుభ్రముగానే ఉన్నది. మా వాడు ప్రతి శనివారమును కడుగువాడు. దానిని కదల్చి చూడగా కండెన్సరునకును రేడియేటరునకును మధ్య ఎర్రదుమ్ము, పురుగుల రెక్కలు, ఎండుటాకుల పొడి కలిసి దుప్పటివలె గడ్డకట్టియుండెను.

"అయితే అప్పుడప్పుడే ఎందుకు వేడెక్కింది?" అని నేనడిగితిని.

"అప్పుడప్పుడు కాదు అయ్యగారూ. లోపం రోజూ ఉంది. బరువే అప్పుడప్పుడు పడింది."

ఈ మాట విని ఇంటికి వచ్చి యోనా నాలుగవ అధ్యాయమును తెరచితిని. యోనా దోషమును నీనెవెలో ఎవరును చూచియుండరు. అతడు ప్రకటించెను, పట్టణము మారుమనస్సు పొందెను, సేవ ఫలించినట్లే. తన శత్రువులు క్షమింపబడినప్పుడు గాని అతని వేడి బయలుపడలేదు. హెబ్రీ భాషలో కోపమునకు ఒక పేరు "అఫ్". దాని మూలార్థము ముక్కు. ఇది తెలుగువానికి వింతగా తోచదు, మనకును కోపము ముక్కుమీదనే గదా యుండును. మనము దీర్ఘశాంతుడని అనువదించు హెబ్రీ మాటకు అక్షరార్థము ముక్కు పొడవుగలవాడని. కోపము అంత దూరము ప్రయాణము చేయవలెనన్న మాట. యోనా దేవుని ఈ మాటతోనే వర్ణించును, అయితే స్తుతిగా కాదు, ఫిర్యాదుగా.

దేవుడు అతనిని శిక్షింపలేదు. నీకింత కోపమేలయని అర్థమిచ్చు ప్రశ్న ఒకటి వేసెను. యోనా బదులు పలుకక పట్టణపు వెలుపల పందిరి వేసికొని కూర్చుండెను. అప్పుడు జరిగినది గమనించుడి. ఒక సొరచెట్టు వచ్చెను, పిమ్మట ఒక పురుగు, పిమ్మట వేడిగల తూర్పు గాలి. ఎండ అతని తలమీద కొట్టెను. ఈ మూడింటిని నేను వెనుక శిక్షలుగా బోధించుచుంటిని. అవి శిక్షలు కావనియు, దోషమును దాచుకొనినవానిని అది బయలుపడు దారినే మరల నడిపించుటయనియు ఇప్పుడు తలంచుచున్నాను. చల్లని నీడలో యోనా సంతోషించెను. నీడ పోయినప్పుడు చావు కోరెను. అప్పుడు దేవుడు అదే ప్రశ్నను మరల వేసెను. ఈసారి యోనా జవాబు చెప్పెను, అదియు కోపముతోనే. అయినను దాచుకొనలేదు. లక్ష ఇరువది వేలకంటె ఎక్కువమంది ప్రాణములు ఒకవైపు, ఒక చెట్టు ఒకవైపు. రెండు పలకల మధ్య గడ్డకట్టినది ఏమిటో అప్పుడు అతనికి కనబడియుండును.

రేడియేటరు కడిగి బిగించుటకు నాలుగు గంటలు పట్టెను. ఇంజను వైపునుండి ముందరికి, రేకులు వంగకుండ, సన్నని ధారతో కడుగవలెను. మరునాడు మధ్యాహ్నము నేనును మా కుమారుడును మరల రాయపూరు దారిలో బయలుదేరితిమి. మెకానిక్ యొక్క రీడరు ఇంకను తగిలించియే యుండెను. కుమ్హారి దాటితిమి, 95. ఖారూన్ వంతెన దాటితిమి, 96.

"నాకు కోపం ఎప్పుడు వస్తుందో నువ్వు చెప్పగలవా?" అని అడిగితిని.

వాడు దారినే చూచుచు కొంత దూరము నడిపెను.

"చిన్నవాళ్లు మీ తప్పు చూపినప్పుడు, నాన్నగారూ. వాళ్లు చెప్పింది నిజమైతే ఇంకా ఎక్కువ."

"ఎప్పటినుంచి?"

"నాకు తెలిసినప్పటినుంచీ."

నేను అంకెలనే చూచుచుంటిని. అవి 96 వద్దనే నిలిచియుండెను. నాకు మాత్రము చెవులు కాలుచుండెను. వాడు అది గమనించి, నోరు మెదపక, ఏసీ గాలిని నావైపు త్రిప్పెను.

ఆ రాత్రి పెన్సిలు గుర్తులుగల పుటలను బయటకు తీసితిని. దేవుడు చేపను, చెట్టును, పురుగును, గాలిని సిద్ధపరచెనని చెప్పుటకు యోనా గ్రంథకర్త నాలుగు చోట్లను ఒకే హెబ్రీ క్రియను వాడెను. నేను శైలికై నాలుగు వేర్వేరు తెలుగు మాటలు వేసియుంటిని. నాలుగింటను ఒకే మాట ఉండవలెననియు, లేనియెడల వాటివెనుకనున్న ఒక్క చేయి పాఠకునికి కనబడదనియు ఆ యువకుడు అంచున వ్రాసియుండెను. నాలుగు చోట్లను దిద్దితిని. అప్పటికి రాత్రి పది దాటినది. అయినను అతనికి ఫోను చేసితిని. మొదట అతడు ఎత్తలేదు, రెండవసారి ఎత్తెను.